తుపాకులు దించిన తరవాత

యుద్ధాలు ముగిసినప్పుడు తీసే ఫోటోలు నాలుగైదు ఒకచోట పెట్టుకుని చూడండి. పొడుగాటి బల్ల, దాని మీద చిన్న చిన్న జెండాలు, నీళ్ళ సీసాలు, తోలు అట్టల ఫైళ్ళు, సంతకం పెడుతున్న ఇద్దరు, వాళ్ళ వెనక వరసగా నుంచున్న పెద్దమనుషులు. ఏ ఖండంలో తీసినా ఒకే ఫోటోలా ఉంటుంది. 1992 నుంచి 2011 దాకా జరిగిన 31 ముఖ్యమైన శాంతి ప్రయత్నాలను ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం వాళ్ళు లెక్కగట్టారు. సంతకాలు పెట్టినవాళ్ళలో ఆడవాళ్ళు నూటికి నలుగురు. చర్చల్లో కూర్చున్నవాళ్ళలో తొమ్మిదిమంది. నేను సాఫ్ట్‌వేర్ పనివాణ్ణి. వాడుకోబోయేవాళ్ళని పిలవకుండా రిక్వైర్‌మెంట్స్ మీటింగు పెట్టుకుంటే ఆ ప్రాజెక్టు ఏమవుతుందో నాకు వేరే చెప్పక్కర్లేదు.

ఇదంతా కాంగోకో కొసావోకో సంబంధించిన గొడవ, మనకెందుకు అనిపించవచ్చు. మా నల్లగొండ జిల్లాలోనూ ఒక యుద్ధం జరిగింది. అందులో ఆడవాళ్ళు తుపాకులు పట్టారు, ఉత్తరాలు మోశారు, గాయాలకు కట్లు కట్టారు, జైళ్ళకు వెళ్ళారు. తరవాత ఆ యుద్ధం ముగిసింది. ఎలా ముగిసింది, ముగిశాక వాళ్ళేమయ్యారు అన్నదే నేను రాయాలనుకున్న సంగతి. కాకపోతే, మనం బతుకుతున్న ఈ దేశంలో ఇదే ప్రశ్న అంతకు ముందెప్పుడో లేచింది కాబట్టి, ముందు దాని సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి అక్కడికి వెళతాను.

చికాగోలో నేను ఎమ్మెస్ చదివిన ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఆవరణలోనే, హాల్‌స్టెడ్ వీధి మీద, హల్ హౌస్ అని ఒక పాత ఎర్ర ఇటుకల భవనం ఉంది. ఇప్పుడది మ్యూజియం. అక్కడ చదివిన మన పిల్లలు వందలమంది దాని ముందునుంచే క్లాసులకు వెళ్ళుంటారు. కొత్తగా వలస వచ్చిన పేదలకోసం జేన్ ఆడమ్స్ 1889లో మొదలుపెట్టిన ఇల్లు అది. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా, 1915 జనవరిలో, ఆవిడా మరికొందరూ కలిసి వాషింగ్టన్‌లో మహిళా శాంతి పార్టీ పెట్టారు. ఆ ఏప్రిల్‌లో యుద్ధం మధ్యలోనే ఓడెక్కి హాలెండ్‌లోని హేగ్‌కి వెళ్ళారు. పన్నెండు దేశాలనుంచి వెయ్యిమందికి పైగా ఆడవాళ్ళు వచ్చిన ఆ సభకు ఆడమ్స్ అధ్యక్షురాలు. యుద్ధం ముగిశాక జరిగే సంధి సభలో ఆడవాళ్ళకూ చోటుండాలని వాళ్ళు తీర్మానించారు. మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఈసడించాడు. 1919లో పారిస్‌లో సంధి సభ జరిగితే ప్రతినిధుల్లో ఒక్క ఆడమనిషి లేదు. వీళ్ళు జ్యూరిక్‌లో విడిగా సభ పెట్టుకోవలసి వచ్చింది. 1931లో ఆడమ్స్‌కి నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. బహుమతి ఇవ్వటం తేలిక, కుర్చీ ఇవ్వటం కష్టం అని నాకనిపిస్తుంది.

ఆ హేగ్ తీర్మానం అంతర్జాతీయ నియమంగా మారటానికి ఇంకో 85 ఏళ్ళు పట్టింది. 2000 అక్టోబర్ 31న న్యూయార్క్‌లో భద్రతామండలి 1325వ నంబరు తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. యుద్ధాల్లో ఆడవాళ్ళ మీద జరిగే అత్యాచారాలను అరికట్టాలనీ, శాంతి చర్చల్లోనూ తరవాత దేశాన్ని నిలబెట్టుకునే పనిలోనూ వాళ్ళకు చోటు ఇవ్వాలనీ దాని సారాంశం. దీనికి చొరవ తీసుకున్నవారిలో ముఖ్యుడు బంగ్లాదేశ్ రాయబారి అన్వరుల్ చౌధురి. 1971లో ఆ దేశపు ఆడవాళ్ళు పడ్డ యాతన తెలిసినవాళ్ళకు, అది ఒక బంగ్లాదేశీయుడి చేతిమీదుగా రావటం ఆశ్చర్యం కలిగించదు.

ఇక మా జిల్లా.

ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లల కోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి. నిజాం రాజ్యంలో తెలంగాణ పల్లెలు దేశ్‌ముఖుల చేతుల్లో ఉండేవి. వెట్టిచాకిరీ మామూలు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకుని సాగుచేసుకున్న పొలం మీద విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డి కన్నుపడింది. ఆమె ఆంధ్రమహాసభ సభ్యత్వం తీసుకుంది. జనం దాన్ని ‘సంగం’ అనేవాళ్ళు. దొర మనుషులు పంట కొయ్యటానికి వస్తే సంఘం కార్యకర్తలు వాళ్ళని తరిమి, పంట కోసి, ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. దానికి ఆమె కుటుంబం జైళ్ళూ దెబ్బలూ భరించింది. 1946 జులై 4న కడివెండిలో అదే దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అక్కణ్ణించి అది సాయుధ పోరాటమైంది. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చి నిజాంని లొంగదీసుకున్నాక కూడా మూడేళ్ళు, 1951 దాకా, అడవుల్లో సాగింది. పార్టీ చెప్పుకున్న లెక్క ప్రకారం 3,000 గ్రామాలు, పంచిన భూమి 10 లక్షల ఎకరాలు, చనిపోయినవాళ్ళు 4,000 మంది.

మా నాయనమ్మది సూర్యాపేట తాలూకా. ఆమె ఏ దళంలోనూ లేదు. ఊళ్ళోనే ఉండి ఆ కాలాన్ని చూసింది. ఆవిడ చరిత్ర చెప్పే తీరు వేరు. తారీకులు ఉండవు, ‘సంగపోళ్ళ కాలం’ ఒకటి, ‘సంగపోళ్ళు పోయినంక’ ఒకటి, అంతే. ఆవిడ చెప్పినవాటిలో నాకు బాగా గుర్తున్నది భూముల సంగతి కాదు. “సంగపోళ్ళ కాలంల మొగోళ్ళు పెండ్లాల మీద చెయ్యెత్తాల్నంటె బయపడేటోళ్ళు బిడ్డా” అనేది. పెళ్ళాన్ని కొట్టాడని తెలిస్తే ఊరి కమిటీ పిలిచి నిలదీసేదట. మరి సంగపోళ్ళు పోయినంక అని అడిగితే, “పోయినంక ఏముంటది, మల్ల మామూలే” అని తమలపాకు మీద సున్నం రాసుకునేది. శాంతి అంటే ఏమిటన్న దానికి నేను విన్న నిర్వచనాల్లో ఇది అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది. కాల్పులు ఆగినరోజే ఆవిడకి ఇంట్లో రక్షణ పోయింది.

దళాల్లోకి వెళ్ళినవాళ్ళ కథ ఇంకా ఘాటుగా ఉంటుంది. మల్లు స్వరాజ్యం పద్ధెనిమిదేళ్ళు నిండీ నిండకముందే దళాన్ని నడిపింది, రాజక్క అన్న మారుపేరుతో తిరిగింది, పట్టిస్తే పదివేలు అని ఆమె తలకు వెల కట్టారు. ఆరుట్ల కమలాదేవి భర్త రామచంద్రారెడ్డితో పాటు అజ్ఞాతంలోకి వెళ్ళింది. పేర్లు పెద్దగా తెలియనివాళ్ళు వీళ్ళకు ఎన్నోరెట్లు. అడవిలో పసిబిడ్డ ఏడిస్తే దళానికి ప్రమాదమని కన్నబిడ్డను ఎవరికో ఇచ్చేసి నడిచిపోయిన తల్లులున్నారు. మగవాళ్ళ జ్ఞాపకాల పుస్తకాల్లో ఎదురుకాల్పులు గంటలతో సహా ఉంటాయి. ఆ పిల్లల సంగతి మాత్రం ఉండదు.

మరి అది ముగిసిన తీరు చూడండి. 1951 ఫిబ్రవరిలో నలుగురు నాయకులు రహస్యంగా మాస్కో వెళ్ళి స్టాలిన్‌ని కలిశారు: చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్. తెలంగాణలో తుపాకీ ఉంచాలా దించాలా అన్నది అక్కడ చర్చకు వచ్చింది. ఆ సంవత్సరమే అక్టోబర్ 21న పోరాటం విరమిస్తున్నట్టు ప్రకటించారు. నిర్ణయం సరైనదా కాదా అని డెబ్భై ఏళ్ళకు పైగా వాదించుకుంటూనే ఉన్నారు. నాకు ఆ వాదనలో దూరే అర్హత లేదు, ఆసక్తీ తక్కువ. నల్లగొండ అడవుల్లో ఉన్న ఆడవాళ్ళ భవిష్యత్తు క్రెమ్లిన్‌లో ఒక బల్ల దగ్గర తేలిందన్న సంగతి ఒక్కటే నాకు కావాలి. ఇటువైపు నలుగురూ మగవాళ్ళే, అటువైపు స్టాలిన్, మాలొటొవ్, మలెంకోవ్, సుస్లోవ్.

తరవాత ఆడవాళ్ళకు చెప్పింది క్లుప్తంగా ఒక్కటే: ఇళ్ళకు వెళ్ళండి. ఏ ఇంటికి? తుపాకీ పట్టి మగవాళ్ళతో అడవిలో తిరిగినదాన్ని అత్తవారు రానిస్తారా? పెళ్ళి కానివాళ్ళని ఎవరు చేసుకుంటారు? చదువు మధ్యలో ఆపేసినవాళ్ళు ఏం చేసి బతకాలి? ఈ ప్రశ్నల్లో ఏదీ ఆ చర్చల ఎజెండాలో లేదు. ఎలా ఉంటుంది, ఆ ప్రశ్నలు ఉన్నవాళ్ళు గదిలో లేరుగా. నిజం చెప్పాలంటే పార్టీ ఆ కాలంలో తక్కిన అందరికంటే ఎంతో నయం. ఒక చాకలి స్త్రీ పేరు దొర పేరుతో సమానంగా వినపడేట్టు చేసింది వాళ్ళే. కమలాదేవి 1952 ఎన్నికల్లో ఆలేరు నుంచి గెలిచింది, తరవాత మరో రెండుసార్లు కూడా. స్వరాజ్యం తుంగతుర్తి నుంచి 1978లోనూ 1983లోనూ శాసనసభకు వెళ్ళింది. కానీ వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతమందే అలా నిలబడ్డారు.

కోస్తా వైపు కొండపల్లి కోటేశ్వరమ్మగారి జీవితం తీసుకోండి. ఆ రోజుల్లో అజ్ఞాతవాసం చేసిన ఆవిడను భర్త కొండపల్లి సీతారామయ్య తరవాత వదిలేశాడు. ఆవిడ మళ్ళీ చదువుకుని, కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా పనిచేసి, సొంత సంపాదన మీద బతికింది. పిల్లలిద్దరినీ పోగొట్టుకుంది. తన కథను ‘నిర్జన వారధి’గా అచ్చులో చూసుకునేసరికి, 2012లో, ఆవిడకి తొంభై దాటాయి. వందేళ్ళు నిండాక 2018లో పోయారు.

ఇంకో సంగతి కూడా చెప్పకపోతే ఈ వ్యాసం ఒంటికంటిదవుతుంది. 1948లో పోలీసు యాక్షన్ అయ్యాక హైదరాబాద్ రాజ్యంలో, ముఖ్యంగా ఇప్పటి మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాల్లో, ముస్లింల మీద ఘోరమైన హింస జరిగింది. నెహ్రూ ప్రభుత్వం పంపగా పండిట్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్ మొదలైనవాళ్ళు వెళ్ళి విచారించారు. తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని వాళ్ళ అంచనా. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు, ఎత్తుకుపోవటాలు కూడా ఆ నివేదికలో ఉన్నాయి. అది 2013 దాకా మామూలు పాఠకుడి కంట పడలేదు. అంతకుముందు రజాకార్లు హిందూ స్త్రీలనీ, ఆ తరవాత వచ్చినవాళ్ళు ముస్లిం స్త్రీలనీ చెరిచారు. ఎవరు గెలిచారన్నది మారింది గానీ దెబ్బతిన్నది ఆడవాళ్ళే. మన ఇళ్ళల్లో ఈ చరిత్ర చెప్పుకునేటప్పుడు సాధారణంగా ఒక సగం వదిలేసి చెప్పుకుంటాం. ఏ సగం అన్నది ఆ ఇంటిని బట్టి ఉంటుంది.

నాయనమ్మ ‘మల్ల మామూలే’ అన్నమాట నాకు మళ్ళీ గుర్తొచ్చింది ఫ్రీమాంట్‌లో. మేముండేది కాలిఫోర్నియాలోని ఆ ఊళ్ళోనే. మన తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. సెంటర్‌విల్ పేటలో అఫ్ఘానులు కూడా అంతే, దాన్ని ‘లిటిల్ కాబూల్’ అంటారు. శనివారం పొద్దున మా ఇంట్లో దోసెలకు బదులు వాళ్ళ నాన్ రొట్టె వస్తే పిల్లలకు పండగే. 2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా, తాలిబాన్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. నాలుగు పేజీల కాగితం. అందులో అఫ్ఘాన్ ఆడవాళ్ళ ప్రస్తావన ఒక్కచోట కూడా లేదు. విచిత్రమేమిటంటే, శాంతి ప్రయత్నాల్లో స్త్రీల భాగస్వామ్యం ఉండాలని అమెరికా తన విదేశాంగ శాఖకూ రక్షణ శాఖకూ చెబుతూ ‘మహిళలు, శాంతి, భద్రత’ చట్టం చేసుకుంది 2017లోనే. రెండు పార్టీల మద్దతుతో, ట్రంప్ సంతకంతో. చట్టం పుట్టిన మూడేళ్ళలోపే దోహా. ఆ సెప్టెంబర్‌లో మొదలైన అఫ్ఘానుల మధ్య చర్చలకు కాబూల్ ప్రభుత్వం తరఫున ఫౌజియా కూఫీ, హబీబా సరాబీ, ఫాతిమా గైలానీ, షరీఫా జుర్మతీ అనే నలుగురు స్త్రీలు వెళ్ళారు. తాలిబాన్ వైపు ఒక్కరూ లేరు. 2021 ఆగస్టు 15న కాబూల్ పడిపోయింది. 2022 డిసెంబర్‌లో అమ్మాయిలకు విశ్వవిద్యాలయాల తలుపులు కూడా మూశారు. ఇక్కడ 2025 ఏప్రిల్‌లో రక్షణమంత్రి తన శాఖలో ఆ చట్టం కింద నడిచే కార్యక్రమాన్ని ఎత్తేస్తున్నట్టు ప్రకటించాడు.

అన్నిచోట్లా ఇలాగే జరిగిందనుకోకండి. లైబీరియాలో పద్నాలుగేళ్ళ అంతర్యుద్ధాల తరవాత, 2003లో, లేమా బోవీ నాయకత్వాన క్రైస్తవ, ముస్లిం స్త్రీలు తెల్లబట్టలు కట్టుకుని రోజుల తరబడి చేపల బజారు దగ్గర కూర్చున్నారు. ఘనాలో చర్చలు సాగదీస్తుంటే అక్కడికీ వెళ్ళి, హాలు ద్వారానికి అడ్డంగా బైఠాయించి, ఒప్పందం కుదిరేదాకా ఎవరినీ బయటికి పోనివ్వమన్నారు. ఆ ఆగస్టులో ఒప్పందం కుదిరింది. 2005 ఎన్నికల్లో ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ అధ్యక్షురాలయింది. ఇందులో మనవాళ్ళకూ కాస్త వాటా ఉంది. 2007 జనవరిలో ఐక్యరాజ్యసమితి తరఫున లైబీరియా వెళ్ళిన మొట్టమొదటి పూర్తి మహిళా పోలీసు దళం మన సీఆర్‌పీఎఫ్‌దే. వందమందికి పైగా ఉన్న ఆ దళం, ఏటా మనుషులు మారుతూ, 2016 దాకా అక్కడ పనిచేసింది.

ఆ దళం వెళ్ళిన ఏడాదే మన విశాఖ మన్యంలో జరిగింది చెప్పకుండా ఉండలేను. దానికంటే ముందు 2004. ఆ అక్టోబర్ 15 నుంచి 18 దాకా హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ నక్సలైట్లకీ చర్చలు జరిగాయి. ఎస్.ఆర్. శంకరన్‌గారి నాయకత్వంలోని పౌరస్పందన వేదిక ఏళ్ళ తరబడి ఓపిగ్గా తిరిగి తెచ్చిన అవకాశం అది. నేను అప్పుడు చికాగోలో, ఈనాడు సైటుకి ఫాంటు దింపుకుని, రాత్రిళ్ళు వార్తలు చదివేవాణ్ణి. అడవి నుంచి వచ్చిన ప్రతినిధులు అయిదుగురు: మావోయిస్టు పార్టీ నుంచి రామకృష్ణ, సుధాకర్, గణేశ్, జనశక్తి నుంచి అమర్, రియాజ్. మాస్కో వెళ్ళిన నలుగురికీ వీళ్ళకీ మధ్య యాభైమూడేళ్ళు. ఈలోగా దళాల్లో ఆడపిల్లల సంఖ్య ఎంతో పెరిగింది. ప్రతినిధుల్లో మాత్రం ఒక్కరూ లేరు. 2005 జనవరికల్లా చర్చల దారి మూసుకుపోయింది, మళ్ళీ ఎన్‌కౌంటర్లు మొదలయ్యాయి.

2007 ఆగస్టు 20న విశాఖ జిల్లా జి. మాడుగుల మండలం వాకపల్లిలో, గాలింపుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమమీద అత్యాచారం చేశారని పదకొండుమంది కోందు ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేశారు. కేసు కింది కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్ళి తిరిగి వచ్చింది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు పదమూడుమంది పోలీసుల మీద కేసు కొట్టేసింది. దర్యాప్తు చేసిన అధికారులు తమ పని సరిగా చెయ్యలేదని చెబుతూనే, ఆ స్త్రీలకు నష్టపరిహారం ఇవ్వమంది. దర్యాప్తు సరిగా చెయ్యలేదంటే ఏమిటో మనలాంటివాళ్ళకు తెలుసు. లాగులు లేకపోతే బగ్ లేదని కాదు కదా.

సంధి బల్ల దగ్గర ఆడవాళ్ళు కూర్చుంటే అన్నీ బాగుపడతాయని నేను అనను. దోహాలో ఆ నలుగురూ కూర్చున్నారు, ఏం మిగిలింది? కానీ వాళ్ళు లేనప్పుడు ఏ ప్రశ్నలు అడగబడవో 1951 చూపిస్తుంది. పైగా ఆ ప్రశ్నలు లేవనే విషయం కూడా చాలాకాలం ఎవరికీ తెలియలేదు. పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో ఈ పోరాటం మీద రాసిన పెద్ద పుస్తకంలో స్త్రీల గురించి ఒక అధ్యాయం ఉంది. ధైర్యసాహసాలు, త్యాగాలు ఉన్నాయి. గౌరవంతోనే రాశారు. కానీ ‘తరవాత మీకేమైంది?’ అని వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన వాళ్ళు. కె. లలిత, వసంత కన్నబిరాన్, రమా మేల్కోటే, ఉమామహేశ్వరి, సూసీ తారూ, వీణా శత్రుఘ్న టేప్‌రికార్డరు పట్టుకుని ఊళ్ళు తిరిగారు. చెప్పినవాళ్ళలో చాలామంది ఆ రోజుల్ని తమ జీవితంలోకెల్లా మంచి రోజులుగానే తలుచుకున్నారు. ఆ తరవాతి సంవత్సరాల దగ్గరికి వచ్చేసరికి గొంతు మారింది. పార్టీ మీద కోపమూ ప్రేమా ఒకే వాక్యంలో ఉంటాయి. ఆ మాటలన్నీ ‘మనకు తెలియని మన చరిత్ర’ పేరుతో 1986లో తెలుగులో వచ్చాయి, మూడేళ్ళకు ఇంగ్లీషులో.

మా నాయనమ్మ మాటల్ని ఎవరూ రికార్డు చెయ్యలేదు. వేసవిలో విజిటర్ వీసా మీద వచ్చి మన ఇళ్ళల్లో ఆరునెలలు టీవీ ముందు కూర్చునే అమ్మమ్మల్లో, నాయనమ్మల్లో ఆ కాలాన్ని చిన్నపిల్లలుగా చూసినవాళ్ళు ఇంకా కొద్దిమంది ఉన్నారు. ఎనభై అయిదు, తొంభై ఏళ్ళవాళ్ళు. మన జేబులో ఉన్న ఫోను ఆ టేప్‌రికార్డరు కంటే చాలా మెరుగైనది. మల్లు స్వరాజ్యంగారు 2022 మార్చిలో పోయారు.

హైదరాబాద్ కోఠిలో, ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలో ఉన్న మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో తెలంగాణ ప్రభుత్వం ఐలమ్మ పేరు పెట్టింది. నిజాం దర్బారును బ్రిటిష్‌వాళ్ళు కనిపెట్టుకుని కూర్చున్న మేడ అది. ఐలమ్మ కూడా స్త్రీశక్తి సంఘటనవాళ్ళకు తన కథ చెప్పింది. పొలం సంగతి, పంట సంగతి, జైలుకెళ్ళిన కొడుకుల సంగతి. 1985 సెప్టెంబర్ 10న ఆమె చనిపోయింది. పుస్తకం మరుసటి ఏడాది వచ్చింది.